రిచ్ కోడ్ చెప్పేదెంత, చెప్పనిదెంత

పి0172 అనే కోడ్ చదవడం నిమిషం పని. అది ఎందుకు వచ్చిందో తేల్చాలంటే మాత్రం ఆ ఇంజిన్ గాలిని ఎలా కొలుస్తుందో, పెట్రోలును ఎలా లెక్కగడుతుందో, లెక్క తప్పినప్పుడు ఎలా దిద్దుకుంటుందో తెలియాలి. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని చాలామంది డబ్బుతో పూడుస్తున్నారు. అమెరికాలో పదేళ్లు దాటిన మినీవ్యాన్లకు, అది టొయోటా సియెన్నా అయినా, హోండా ఒడిస్సీ అయినా, డాడ్జ్ గ్రాండ్ క్యారవాన్ అయినా, ఈ కోడ్ వచ్చాక నడిచే వరస దాదాపు ఒకటే. విడిభాగాల దుకాణంలో ఉచితంగా కోడ్ చదివిస్తారు. మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువైందని తెలుస్తుంది. మిశ్రమాన్ని కనిపెట్టి చెప్పేది ఆక్సిజన్ సెన్సర్ కదా అని దాన్ని మారుస్తారు. పనిలో పనిగా కోడ్ చెరిపేస్తారు కాబట్టి చెక్ ఇంజిన్ దీపం ఆరుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు ఎయిర్‌ఫ్లో సెన్సర్, ఆపైన ఇంజెక్టర్లు, చివరికి కెటలిటిక్ కన్వర్టర్. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి తిరగడానికి ఇలాంటి బండి కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ ఈ ఖర్చు తెలిసిందే. నా వాదన ఒక్కటే: కోడ్ చెడిన భాగం పేరు చెప్పదు, కంప్యూటర్ తన దిద్దుబాటు శక్తిని చివరికంటా వాడేసిందని చెబుతుంది. ఆ దిద్దుబాటు ఎంత, ఇంజిన్ ఏ స్థితిలో ఉండగా జరిగింది అన్న అంకెలు చూడకుండా ఏ భాగం మార్చినా అది గుడ్డి పందెమే.

ఈ దీపం ఎందుకోసం పుట్టిందో చూస్తే కోడ్ స్వభావం తేటపడుతుంది. లాస్ ఏంజెలెస్‌ను కమ్ముకున్న కళ్లు మండే పొగకు వాహనాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి రసాయనికంగా మారడమే మూలమని 1950ల మొదట్లో ఏరీ హాగెన్‌స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చారు. 1967లో ఏర్పడిన కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకు ఆయనే తొలి అధ్యక్షుడు. బండి కొన్న నాడు పొగ తక్కువగా ఉంటే చాలదు, ఏళ్లు గడిచినా తక్కువగానే ఉండాలి, తేడా వస్తే బండే చెప్పాలి అన్న ఆలోచన ఆ బోర్డుది. 1988 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో తొలి తరం ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టే వ్యవస్థ, వచ్చింది. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ, తేలికపాటి ట్రక్కుకూ రెండో తరం ఓబీడీ తప్పనిసరి అయింది. మనదేశంలో తొలి తరం 2010 ఏప్రిల్‌లో, రెండో తరం 2013 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. దీపం వెలగడానికి అమెరికాలో పెట్టుకున్న ప్రధానమైన కొలత, లోపం వల్ల కాలుష్యం అనుమతించిన పరిమితికి ఒకటిన్నర రెట్లు దాటడం. అంటే వ్యవస్థ చూపంతా గాలి మీద ఉంది. ఏ నట్టు విప్పాలో మెకానిక్కుకు చెప్పడం దాని పనిగా ఎవరూ పెట్టలేదు. ‘బ్యాంక్ 1లో మిశ్రమం మరీ రిచ్’ అన్న పి0172 నిర్వచనంలో ఏ భాగం పేరూ లేకపోవడానికి కారణం ఇదే.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు తూకంలో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు అంతకన్నా ఎక్కువైతే రిచ్, గాలి ఎక్కువైతే లీన్. కార్బొరేటర్ల కాలంలో ఈ పాళ్లను మెకానిక్కు చెవితో విని, ప్లగ్గుల రంగు చూసి, స్క్రూ తిప్పి సరిచేసేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ సెకనుకు కొన్నిసార్లు చేస్తోంది. ఎగ్జాస్ట్ గొట్టంలో కూర్చున్న పాతరకం జిర్కోనియా సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటుంది. 0.45 దాటితే పెట్రోలు ఎక్కువ, దిగితే తక్కువ. ఆ ఊపును బట్టి కంప్యూటర్ ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ఈ సవరణ శాతమే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు చేసే సవరణ స్వల్పకాలిక ట్రిమ్, కొంతకాలం గమనించి అలవాటుగా మార్చుకున్నది దీర్ఘకాలిక ట్రిమ్. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ అయిదారు శాతంలో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. మైనస్ పది దాటిందంటే కంప్యూటర్ ఎందుకో పెట్రోలు కోసుకుంటూ వస్తోందని అర్థం. తయారీదారును బట్టి మారినా, సాధారణంగా మైనస్ ఇరవై దాటి అక్కడే నిలిచిపోతేనే కోడ్ నమోదవుతుంది. అదీ వరసగా రెండు ప్రయాణాల్లో కనిపించాకే దీపం వెలుగుతుంది. అంటే దీపం చాలా ఆలస్యంగా వచ్చే కబురు. నెలల తరబడి మైనస్ పన్నెండు దగ్గర నడిచిన బండికి డాష్‌బోర్డులో ఏ గుర్తూ కనబడకపోవచ్చు.

ఇక్కడే ఈ ప్రశ్న మొత్తానికీ కీలకమైన తేడా ఉంది. ఇంజిన్ రిచ్‌గా నడవడం ఒక సంగతి, రిచ్ కోడ్ రావడం మరొక సంగతి. రెండూ కలిసే రావాలని లేదు. నిజంగానే పెట్రోలు ఎక్కువై కోడ్ రావచ్చు. పెట్రోలు సరిగ్గానే ఉన్నా సెన్సర్ తప్పు చెప్పి కోడ్ రావచ్చు. పెట్రోలు ఎక్కువై సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తున్నా కోడ్ రాకపోవచ్చు. అన్నిటికన్నా తికమక పెట్టేది నాలుగోది: ఇంజిన్ పెట్రోలులో మునిగిపోతుంటే కోడ్ లీన్ అని రావడం. సెన్సర్ కంటే ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర చిన్న పగులు ఉందనుకోండి. ఎగ్జాస్ట్ గొట్టంలో పీడనం తరంగాలుగా పడిలేస్తుంటుంది, పడినప్పుడల్లా ఆ పగులు బయటి గాలిని లోపలికి లాగుతుంది. సెన్సర్‌కు ఆ గాలిలోని ఆక్సిజన్ కనబడుతుంది, లీన్ అంటుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. ప్లగ్గులు మసిబారతాయి, మైలేజీ పడిపోతుంది, కోడ్ మాత్రం లీన్ అని చెప్పే పి0171. ఒక సిలిండర్‌లో ప్లగ్ వెలగకపోయినా ఇదే జరుగుతుంది. మండని పెట్రోలుతో పాటు మండని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, సెన్సర్ లెక్కపెట్టేది ఆక్సిజన్‌నే. అందుకే మిస్‌ఫైర్ కోడ్ కూడా పక్కన ఉంటే ముందు దాన్ని తేల్చాలి. దీపం ఆగి ఆగి మెరుస్తుంటే అది కన్వర్టర్‌ను కాల్చేసే స్థాయి మిస్‌ఫైర్ అని గుర్తు, ఆ బండిని అప్పుడు నడపకూడదు.

కోడ్ లేకుండా రిచ్‌గా నడిచే బండి కథ చలిదేశాల్లో ఎక్కువ. కూలెంట్ వేడిని చెప్పే సెన్సర్ వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే రకం. కనెక్టర్‌లో తుప్పు చేరితే నిరోధం పెరుగుతుంది, కంప్యూటర్‌కు ఇంజిన్ ఇంకా చల్లగానే ఉన్నట్టు తోస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ నిజంగానే వేడెక్కదు. రెండు సందర్భాల్లోనూ కంప్యూటర్ చలిలో ఇవ్వాల్సిన అదనపు పెట్రోలు ఇస్తూనే ఉంటుంది. మరీ చల్లగా ఉందనుకుంటే ఆక్సిజన్ సెన్సర్ మాట వినడమే మొదలుపెట్టదు. వినకపోతే ట్రిమ్ లెక్క ఉండదు, ట్రిమ్ లెక్క లేకపోతే పి0172 పుట్టదు. వస్తే గిస్తే, ఇంజిన్ తగినంత వేడెక్కలేదని చెప్పే పి0125 గానీ పి0128 గానీ వస్తుంది. తీగ పూర్తిగా తెగిపోతే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది, దాన్ని పట్టుకోవడం తేలిక. 90 ఉండాల్సిన చోట 55 చూపించే సెన్సరే మోసగాడు, ఎందుకంటే 55 కూడా సాధ్యమైన అంకే. దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేయకముందు స్కానర్‌లో కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి చూడాలి. రెండూ బయటి వాతావరణంతో దాదాపు సరిపోవాలి. ఒకటి పది డిగ్రీలు తేడాగా ఉంటే దోషి దొరికినట్టే.

ఇక నిజంగా పెట్రోలు ఎక్కువై కోడ్ వచ్చిన సందర్భం. ఇందులో కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ఒకే ఒక్క పరీక్ష అనుమానితుల జాబితాను సగానికి తెస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ట్రిమ్‌ను ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి ఒకసారి చూడాలి. ఐడిల్‌లో మైనస్ ఇరవై ఉండి, 2500 దగ్గర మైనస్ నాలుగుకు వచ్చిందంటే లోపలికి ఎక్కడి నుంచో స్థిరమైన మోతాదులో అదనపు పెట్రోలు చేరుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, కాబట్టి ఆ కొద్ది పెట్రోలే పెద్ద శాతం. వేగం పెరిగి గాలి నాలుగైదు రెట్లయినప్పుడు అదే పెట్రోలు చిన్న శాతమైపోతుంది. అలా చేరే దారులు ఎన్నో లేవు. పెట్రోలు ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా నుంచి ఇంజిన్‌కు వెళ్లే పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ఉండిపోవచ్చు. ఏదో ఒక ఇంజెక్టర్ కారుతుండవచ్చు. పాతరకం ప్రెషర్ రెగ్యులేటర్‌లో పొర చిరిగి, దాని వాక్యూమ్ గొట్టం ద్వారా పెట్రోలు నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతుండవచ్చు. ఇంజిన్ ఆయిల్‌లో కలిసిన పెట్రోలు ఆవిరై, ఆ ఆవిరిని ఇంజిన్ లోపలికి తిప్పిపంపే పీసీవీ దారిన తిరిగి వస్తుండవచ్చు. పర్జ్ వాల్వ్ గొట్టాన్ని పటకారుతో మెత్తగా నొక్కి మూస్తే, తప్పు దానిదే అయిన పక్షంలో స్వల్పకాలిక ట్రిమ్ కొన్ని సెకన్లలోనే సున్నా వైపు లేస్తుంది. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీస్తే అందులో తడి కనిపించకూడదు, వాసన కూడా రాకూడదు. ఇంజెక్టర్ కారుతుంటే ఇంజిన్ ఆపాక ఇంధన పీడనం త్వరగా పడిపోతుంది, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేస్తే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది. వీటిలో దేనికీ కొత్త భాగం కొనక్కర్లేదు.

బొగ్గు డబ్బా సంగతి విడిగా చెప్పాలి. పెట్రోలు బంకులో నాజిల్ టక్కున ఆగాక కూడా ‘రౌండ్ ఫిగర్’ కోసం ఇంకా పోయించుకునే అలవాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆవిరిని పట్టడానికి పెట్టిన బొగ్గులోకి ద్రవ పెట్రోలే చేరితే పర్జ్ వాల్వ్ మంచిదే అయినా, అది తెరుచుకున్నప్పుడల్లా ఇంజిన్‌కు ఊహించని మోతాదు పడుతుంది. ట్యాంకు నింపిన వెంటనే రిచ్ కోడ్ వచ్చి, ట్యాంకు ఖాళీ అవుతుంటే సర్దుకునే బండికి ముందుగా చూడాల్సింది ఇదే. పర్జ్ అక్కర్లేని వేళ కూడా ప్రవాహం ఉందని చెప్పే పి0496 కూడా తోడొస్తే వాల్వే ఇరుక్కుందని అనుమానం బలపడుతుంది.

మినీవ్యాన్‌కే ప్రత్యేకమైన ఇంకో కారణం ఆ బండి బతికే తీరులో ఉంది. మిన్నెసోటాలోనో మిషిగన్‌లోనో చలికాలం బడికి రెండు మైళ్లు, తిరిగి రెండు మైళ్లు, సాయంత్రం ఈత తరగతికి మరో మూడు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆగిపోతుంది. చల్లటి గోడలకు తగిలిన పెట్రోలు కొంత మండకుండా పిస్టన్ రింగుల పక్కగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. దాన్ని ఆవిరి చేసేంత వేడి ఎప్పుడూ రాదు. ఒక ఆదివారం ఆ బండి హైవే ఎక్కితే, వారాల తరబడి కూడిన పెట్రోలంతా ఒక్కసారిగా ఆవిరై ఇంజిన్‌లోకి వెళుతుంది, దీపం వెలుగుతుంది. దూరప్రయాణం పాడుచేసిందని యజమాని అనుకుంటాడు, నిజానికి పాడుచేసింది దగ్గరి ప్రయాణాలు. ఆయిల్ గేజి పుల్ల తీసి వాసన చూడటం, మట్టం గుర్తుకు పైన ఉందేమో గమనించడం, పీసీవీ గొట్టం తీసి రెండు వైపులా మూసి ట్రిమ్ మారుతుందేమో చూడటం, ఆయిల్ మార్చడం. రిచ్ కోడ్‌కు ఇంతకన్నా చవకైన పరిష్కారం లేదు, ఇంతగా పట్టించుకోని పరిష్కారమూ లేదు.

ట్రిమ్ ఐడిల్‌లోనూ వేగంలోనూ ఒకేలా మైనస్‌లో ఉంటే దారి మారుతుంది. అప్పుడు ఇంధన పీడనం ఎక్కువై ఉండాలి, లేదా కంప్యూటర్ గాలిని ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కగడుతూ ఉండాలి. గాలి లెక్క అన్ని బండ్లలో ఒకేలా జరగదు కనుక, ఒక బండికి పనికొచ్చిన సలహా మరో బండికి నష్టం చేసేది ఈ మలుపులోనే. టొయోటా సియెన్నా వి6లో లోపలికి వచ్చే గాలిని వేడితీగ సెన్సర్ నేరుగా తూకం వేస్తుంది. ఆ తీగ మీద దుమ్ము పేరుకుంటే తరచూ ఐడిల్‌లో గాలిని ఎక్కువగా, వేగంలో తక్కువగా చూపిస్తుంది. ట్రిమ్ ఒక చోట మైనస్, మరో చోట ప్లస్ అవుతుంది. రెండు దశాబ్దాల పాటు క్రైస్లర్ మినీవ్యాన్లలో నడిచిన 3.3, 3.8 లీటర్ల వి6 ఇంజిన్లకు అసలు ఆ సెన్సరే లేదు. మానిఫోల్డ్‌లో పీడనం ఎంత, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, గాలి వేడి ఎంత అన్నవాటిని బట్టి కంప్యూటర్ గాలిని ఊహించుకుంటుంది. అలాంటి ఇంజిన్‌లో టైమింగ్ వెనకబడ్డా, వాల్వులు సరిగ్గా కూర్చోకపోయినా మానిఫోల్డ్‌లో వాక్యూమ్ తగ్గుతుంది. దాన్ని కంప్యూటర్ ‘బండి బరువు లాగుతోంది’ అని అర్థం చేసుకుని పెట్రోలు పెంచుతుంది. ఇంధన వ్యవస్థలో ఏ లోపమూ లేకుండానే రిచ్ కోడ్ వస్తుంది. ఈ పీడన సెన్సర్‌ను పరీక్షించడం చాలా సులువు. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా అంకె చూస్తే అది వాతావరణ పీడనంతో సరిపోవాలి. సముద్రమట్టం దగ్గర 101 కిలోపాస్కల్, మైలు ఎత్తున ఉన్న డెన్వర్‌లో సుమారు 83, హైదరాబాద్‌లో 95 చుట్టుపక్కల. ఆ ఊరికి రావాల్సిన అంకె రాకపోతే సెన్సర్‌ను అనుమానించాలి. వస్తే, ఐడిల్‌లో వాక్యూమ్ ఎందుకు తగ్గిందో వెతకాలి.

ఎయిర్ ఫిల్టర్ మార్చమన్న సలహా మన ఊళ్లలో ఎంత వినిపిస్తుందో అమెరికాలోనూ అంతే వినిపిస్తుంది. కార్బొరేటర్ కాలంలో అది సరైన సలహా, మూసుకుపోయిన ఫిల్టర్ చోక్ లాగినట్టే పనిచేసేది. ఇప్పటి ఇంజిన్ ఫిల్టర్ దాటి వచ్చిన గాలిని కొలిచి, దానికి తగ్గట్టే పెట్రోలు ఇస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో చేసిన అధ్యయనంలో, ఇంధనాన్ని కంప్యూటర్ సరిదిద్దుకునే కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రమే తగ్గింది. ఫిల్టర్ మార్చడం మంచిదే. దాంతో పి0172 పోతుందనుకోవడం మంచిది కాదు.

వి6 ఇంజిన్‌లో రెండు బ్యాంకులు, అంటే సిలిండర్ల రెండు వరసలు, ఉండటం వల్ల ఇంకో ఆధారం ఉచితంగా దొరుకుతుంది. సియెన్నాలో ముందువరసకు ఒకటి, వెనకవరసకు ఒకటి సెన్సర్లు ఉంటాయి. పి0172తో పాటు రెండో బ్యాంకుకు చెందిన పి0175 కూడా వస్తే, తప్పు రెండిటికీ ఉమ్మడిగా ఉన్న దానిలో వెతకాలి: పీడనం, గాలి సెన్సర్, పర్జ్ వాల్వ్. రెండు ఆక్సిజన్ సెన్సర్లూ ఒకే రోజు ఒకే విధంగా చెడిపోవడం దాదాపు జరగని పని, అయినా అవి రెండూ కలిపి మార్పించుకునే వాళ్లున్నారు. ఒక బ్యాంకే రిచ్ అయితే ఆ వైపు ఇంజెక్టర్, ఆ వైపు సెన్సర్. సియెన్నా తొలి తరం ఇంజిన్‌లో బ్యాంక్ 1 అంటే డాష్‌బోర్డు వైపున్న వెనకవరస. అక్కడి ఇంజెక్టర్లు చేరాలంటే పైనున్న ఇన్‌టేక్ ప్లీనమ్ విప్పాలి కాబట్టి అంకెలు చూడకుండా అటు చేయి పెట్టడం చాలా ఖరీదు. పైన చెప్పిన క్రైస్లర్ ఇంజిన్లలో రెండు వరసల ఎగ్జాస్ట్ కలిశాక ఒకే ముందు సెన్సర్ ఉంటుంది. ఆ బండికి బ్యాంకుల పోలిక అనే సౌకర్యం లేదు, ప్లగ్గులు విప్పి రంగు పోల్చుకోవడమే శరణ్యం.

మరి ఆక్సిజన్ సెన్సర్ ఎప్పుడూ నిర్దోషేనా? కాదు. కానీ దాన్ని మార్చే ముందు విచారించడం సాధ్యమే. నడుస్తున్న ఇంజిన్‌కు ఒక వాక్యూమ్ గొట్టం ఊడదీసి కావాలని లీన్ చేస్తే మంచి సెన్సర్ వోల్టేజి వెంటనే 0.2 కిందికి పడాలి. పడిందంటే అది చూడగలుగుతోంది, నిజమే చెబుతోంది. కొత్త సియెన్నాలలో ముందు సెన్సర్ వేరే రకం, అందులో వోల్టేజి పెరిగితే లీన్. ఈ సంగతి తెలియక పాత లెక్కతో చూసి మంచి సెన్సర్లను తీసిపారేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. రెండో సాక్షి కన్వర్టర్ వెనకున్న సెన్సర్. ఇంజిన్ నిజంగా రిచ్‌గా ఉంటే అది కూడా 0.7 పైనే అంటిపెట్టుకుని ఉంటుంది. ముందుది రిచ్ అంటూ వెనకది కిందనే ఉంటే ముందుదాని మాట నమ్మరాదు. మూడో సాక్షి పొగ పరీక్ష యంత్రం. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్రంలో పెట్రోలు బండికి కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లే. ఆ కాగితం అద్దానికి అంటించుకోవడానికే అనుకుంటాం గానీ, రిచ్ ఇంజిన్‌కు మోనాక్సైడ్ అంకె కన్నా సూటి రుజువు లేదు.

ఈ పద్ధతి మీద అనుభవజ్ఞులైన మెకానిక్కుల అభ్యంతరం గౌరవించాల్సిందే. ఒకే మోడల్ బండ్లు వందలు చూసినవాడికి ఏ కోడ్‌కు ఏ భాగం పోతుందో తెలుసు, ప్రతిసారీ మొదటి నుంచి విచారణ ఎందుకు అంటారు. నిజమే, మోడల్‌ను బట్టి కొన్ని భాగాలు పదే పదే పోతాయి. తయారీదారులు తమ వర్క్‌షాపులకు పంపే సర్వీసు బులెటిన్లను అమెరికా రహదారి భద్రతా సంస్థ తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతోంది, అవి చదవకుండా మొదలుపెట్టడం తెలివి కాదు. కొన్ని సందర్భాల్లో భాగం మార్చనక్కర్లేదని, కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చాలని కూడా ఆ బులెటిన్లే చెబుతాయి. అయితే అనుభవం ఇచ్చేది ఎక్కడ మొదట చూడాలన్న ఊహ. ఆ ఊహను పర్జ్ గొట్టం నొక్కి రెండు నిమిషాల్లో పరీక్షించే వీలున్నప్పుడు పరీక్షించకుండా భాగం అమ్మడాన్ని అనుభవం సమర్థించదు. నిజంగా అనుభవమున్న మెకానిక్కు చేసేదీ అదే, అతని పరీక్ష మనకు కనబడనంత వేగంగా జరిగిపోతుంది.

ఖర్చు గురించిన అభ్యంతరం ఇంకా బలమైనది. పదిహేనేళ్ల బండి ధరే కొద్దిపాటిది, దానికి గంటల లెక్కన విచారణ కూలి ఇవ్వడం కన్నా సెన్సర్ మార్చి చూడటమే చవక అంటారు. ఆ సెన్సర్ తోనే పని అయిపోతే ఈ లెక్క సరిపోయేది. కానీ రిచ్‌గా నడిచే ప్రతి నెలా మండని పెట్రోలు కన్వర్టర్ చేరి దాన్ని వేడెక్కిస్తుంది, ఆయిల్‌ను పలచన చేస్తుంది. తప్పు భాగం మార్చి దీపం చెరిపి గడిపిన ఆరు నెలల తర్వాత పి0420 వస్తే అది కన్వర్టర్ సామర్థ్యం పడిపోయిందని చెప్పే కోడ్, చాలాసార్లు కన్వర్టర్ బలైపోయిందనే అర్థం. రిచ్ కారణం సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ అదే దారి పడుతుంది. బండి కొత్తదైతే డబ్బు ప్రశ్న మరోలా ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం కన్వర్టర్‌కూ ఇంజిన్ కంప్యూటర్‌కూ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల వరకు తయారీదారు హామీ ఉంటుంది. సొంతంగా భాగాలు మార్చి కోడ్ చెరిపేసుకుంటూ పోతే, లోపం పుట్టినప్పటి ఇంజిన్ స్థితిని కంప్యూటర్ భద్రపరిచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. వేగం, భారం, కూలెంట్ వేడి, ట్రిమ్‌ల అంకెలు అందులోనే ఉంటాయి. చెరిపేముందు ఆ పేజీ ఫొటో తీసి ఉంచుకోవడం ఎవరైనా చేయగల పని.

ఇదంతా మామూలు యజమానికి సాధ్యమా అన్న సందేహానికి జవాబు 1996 నాటి నిబంధనలోనే ఉంది. ట్రిమ్, వేడి, పీడనం, సెన్సర్ వోల్టేజి వంటి అంకెలు అందరికీ చదవడానికి వీలుగా ఇవ్వడం కూడా ఆ ప్రమాణంలో భాగమే. ఫోనుకు కలిపే చవక అడాప్టర్ వాటిని చూపిస్తుంది. మరమ్మతు యజమాని చేయనక్కర్లేదు. ఐడిల్‌లో ఇంత, 2500లో ఇంత అన్న రెండు అంకెలు కాగితం మీద రాసుకుని వర్క్‌షాపుకు వెళితే సంభాషణే మారిపోతుంది. ఆ అంకెలు చూసి కూడా వాటిని పట్టించుకోకుండా సెన్సర్ ధర చెప్పే చోట బండి వదలకపోవడమే మంచిది.

అంకెలు చదివేటప్పుడు ఇంధనాన్ని మరవకూడదు. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు, కాబట్టి అది కలిసిన పెట్రోలు కొంచెం ఎక్కువ పోయాలి. అమెరికాలో మామూలైన 10 శాతం మిశ్రమంతో, స్వచ్ఛమైన పెట్రోలుకు అమర్చిన పాత ఇంజిన్ ట్రిమ్ మూడు నాలుగు శాతం ప్లస్ వైపు జరుగుతుంది. మనదేశంలో ఇప్పుడు అమ్ముతున్న 20 శాతం మిశ్రమంతో ఇంకా ఎక్కువే జరుగుతుంది. అంటే పాత బండిలో అసలు మైనస్ పదిహేను ఉండాల్సిన లోపం మైనస్ ఎనిమిదిగా కనబడి దాక్కోవచ్చు. అలాంటి బండికి ఎప్పుడైనా ఇథనాల్ లేని పెట్రోలు పోస్తే దాగిన లోపం అంకెల్లో బయటపడుతుంది, నింద ఆ పెట్రోలు మీద పడుతుంది. తెలుగు నాట ఓమ్ని, ఈకో వంటి వ్యాన్లకు బయట బిగించిన గ్యాస్ కిట్లది మరో చిక్కు. గ్యాస్ మోతాదు సరిగ్గా అమర్చకపోతే పెట్రోలు కంప్యూటర్ ఆ తప్పును ట్రిమ్‌గా నేర్చుకుంటుంది, పెట్రోలుకు మార్చినప్పుడూ ఆ నేర్చుకున్నదే వాడుతుంది. అలాంటి బండిని ఏ ఇంధనం మీద ఉండగా పరీక్షిస్తున్నారో రాసుకోకుండా చూసిన అంకెలకు విలువ లేదు.

మరమ్మతు పూర్తయిందనడానికి దీపం ఆరడం రుజువు కాదు. లోపం కనబడని మూడు ప్రయాణాల తర్వాత దీపం తనంతట తానే ఆరిపోవచ్చు, అప్పటికీ కోడ్ కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటుంది. వేడెక్కి చల్లారే చక్రాలు 40 గడిచాక గానీ అది చెరిగిపోదు. స్కానర్‌తో చెరిపితే దీపంతో పాటు బండి తన వ్యవస్థలను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా సున్నాకు వస్తాయి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఆ పరీక్షలు తిరిగి పూర్తికాకుండా పొగ తనిఖీకి వెళితే బండిని వెనక్కి పంపేస్తారు. చేయాల్సింది ఇది: కోడ్ చెరిపాక బండిని పొద్దున చల్లగా స్టార్ట్ చేసి, ఊళ్లో కొంత, హైవే మీద కొంత నడపాలి. ఐడిల్‌లోనూ 2500 దగ్గరా దీర్ఘకాలిక, స్వల్పకాలిక ట్రిమ్‌లు కలిపి చూడాలి. మరమ్మతుకు ముందు రాసుకున్న అంకెల పక్కన వాటిని రాయాలి. మైనస్ ఇరవై రెండు మైనస్ మూడయితే పని అయినట్టు. మైనస్ పద్నాలుగు దగ్గర ఆగితే కోడ్ మళ్లీ రాకపోవచ్చు, దీపం కూడా వెలగకపోవచ్చు, కానీ ఇంకో కారణం మిగిలే ఉంది, వెతుకులాట పర్జ్ గొట్టం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.